ఆటలోని నాణెములు – చెరువులోని నీరు

కంప్యూటరు మీదను, చేతిఫోను మీదను ఆడు ఆటలలో ఒక జాతి ఆటలకు ప్రత్యేకత కలదు. వీనిలో ఆటగాడు వీరుడుగనో, విలుకాడుగనో, వైద్యుడుగనో, కమ్మరిగనో ఒక పాత్రను ధరించి కల్పిత లోకములో ప్రవేశించును. అచట రాక్షసులను చంపును, గనులు త్రవ్వును, కత్తులు, కవచములు సంపాదించును, సంతలో కొనును, అమ్మును. అనుభవము పెరిగిన కొలది అతని పాత్ర యొక్క స్థాయి పెరుగును. అదే సమయమున అదే లోకములో వేలకొలది ఇతరులు తమ తమ ఇండ్లనుండి ఆడుచుందురు. ఇట్టి వానిని ఆన్‌లైన్ పాత్రపోషణ ఆటలని పిలుచుచున్నారు. ఒక ఆటగాడు నిద్రించినను ఆ లోకము నిద్రింపదు. మరునాడు అతడు తిరిగి వచ్చునప్పటికి సంతలో ధరలు మారియుండును.

వినోదము కొఱకు కల్పింపబడిన ఈ లోకములలో ధనము, ధర, పన్ను, కొరత, గుత్త వ్యాపారము మొదలగునవన్నియు నిజమైన లోకములో వలెనే పుట్టినవి. అందుచే అర్థశాస్త్రజ్ఞులు వీనిని శ్రద్ధతో పరిశీలింపసాగిరి. 1999లో వెలువడిన ఎవర్‌క్వెస్ట్ అను ఆటలో నోరాత్ అను కల్పిత దేశము కలదు. ఆ ఆటలోని వస్తువులు వెలుపల అమ్ముడుపోవు ధరలనుబట్టి అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ కాస్ట్రోనోవా లెక్కగట్టి, నోరాత్ యొక్క తలసరి ఉత్పత్తి నాటి రష్యా, బల్గేరియాల నడుమ నిలుచునని 2001లో ప్రకటించెను.

ఇట్టి లోకము ఎట్లు నిలుచును? ఎందుచేత చెడును? దీనికి మూలమైన సూత్రము కొత్తది కాదు. చెరువు క్రింద సేద్యము చేయు ప్రతి రైతునకు అది తెలిసినదే. వచ్చునదెంత, పోవునదెంత, పోవునది ఎవరి వాటానుండి పోవుచున్నది అను మూడు ప్రశ్నలలో ఆ సూత్రము ఇమిడియున్నది.

పులులు, మేకలు

ఆటను రూపొందించువారు రెండు విధములైన సమతూకములను సాధింపవలెను. ఒకటి బలముల సమతూకము. రెండవది సంపద యొక్క సమతూకము.

మొదటిదానికి పులి–మేక ఆట మంచి ఉదాహరణము. రచ్చబండలమీద, గుడి అరుగులమీద చెక్కియుండు ఈ ఆటలో, వాడుకలోనున్న ఒక పద్ధతి ప్రకారము, ఒకనికి 3 పులులు, రెండవవానికి 15 మేకలు. పులి మేకపై నుండి దూకి దానిని తీసివేయగలదు. మేక పులిని చంపలేదు. కాని మేకలన్నియు కూడి పులికి కదలుటకు చోటు లేకుండ చేయగలవు. ఇరుపక్షముల బలములు ఒక విధమైనవి కావు. అయినను ఇరువురకు గెలుపు మీద ఆశ యుండును. ఇంకొక పులిని చేర్చినచో మేకల పక్షమున ఆడువాడు దొరకడు. మరి పది మేకలను చేర్చినచో పులుల పక్షమున ఆడువాడు దొరకడు. సమతూకమనగా ఇరువురకు సమానమైన వస్తువులనిచ్చుట కాదనియు, గెలుచు అవకాశములను దగ్గరగా ఉంచుట యనియు దీనివలన తెలియుచున్నది.

పాత్రపోషణ ఆటలలో సాధారణముగా ఈ సమతూకమును చక్రమువలె ఏర్పరచుదురు. యోధుడు విలుకాని గెలుచును; విలుకాడు మాంత్రికుని గెలుచును; మాంత్రికుడు యోధుని గెలుచును. మూడు గెలుపులును సమానమైనవైనచో, ప్రత్యర్థికి తెలియకుండ మూడింటిని మూడవవంతు చొప్పున కలిపి ఎన్నుకొనుటయే మేలైన పద్ధతియని క్రీడాసిద్ధాంతము నిరూపించును. ఈ గణితశాఖకు వాన్ నాయ్‌మన్, మార్గెన్‌స్టెర్న్ అను పండితులు 1944లో ప్రకటించిన గ్రంథము పునాది. మాంత్రికుని అగ్నికి బలము మితిమీరి పెంచినచో ఈ చక్రము తెగిపోవును. అందరును మాంత్రికులే యగుదురు. అంతటితో ఆగదు. కత్తులు కొనువారు లేక కమ్మరుల పని మూలబడును; మంత్రములకు వలయు మూలికల ధర ఆకాశమునంటును. బలములలో జరిగిన మార్పు సంతను కదలించును. కనుక రెండు సమతూకములను వేరుచేసి చూచుటకు వీలులేదు.

మూసియున్న లోకము

సంపద యొక్క సమతూకమునకు సులభమైన మార్గము ఒకటి కలదని తోచును: మొత్తమును మార్పులేకుండ ఉంచుట. వామనగుంటలు ఆడువారికి ఇది అనుభవమే. 14 గుంటలలో ఐదేసి చింతగింజలు వేసి మొదలిడినచో మొత్తము 70. ఆట సాగినంతసేపు గింజలు చేతులు మారునే గాని కొత్తవి పుట్టవు, ఉన్నవి నశింపవు. రసాయనశాస్త్రములోని ద్రవ్యనిత్యత్వ నియమము వంటిదే ఇది. కాని ఈ ఆట ముగియు తీరును గమనింపవలెను. గింజలు క్రమముగా ఒకనివైపునకు చేరును. రెండవవాడు గుంటలు నింపలేక ఆగిపోవును. ఇరువురాడు ఆటకు అది చక్కని ముగింపు. ముగింపే లేని లోకమునకు మాత్రము అది ప్రమాదము.

1997లో వెలువడిన అల్టిమా ఆన్‌లైన్ అను ఆటలో ఈ మార్గమునే మొదట అనుసరించిరి. లోకములోని ఇనుము, చర్మము, కొయ్య మొదలగు వాని మొత్తమును ముందుగా నిర్ణయించి, వాడి పారవేసిన వస్తువుల ద్రవ్యము తిరిగి మూలనిధిని చేరునట్లును, ఆ నిధినుండియే కొత్త జంతువులు, కొత్త ఖనిజము పుట్టునట్లును ఏర్పరచిరి. కాగితము మీద ఇది లోపములేని పథకము. కాని ఆటగాండ్రు దేనిని పారవేయక చొక్కాలను, చర్మములను వేలకొలది పెట్టెలలో దాచిరి. మూలనిధి ఎండిపోయినది. కొత్తగా వచ్చినవారికి వేటాడుటకు జంతువులు కరవైనవి. తుదకు నిర్మాతలు ఆ పద్ధతిని విడిచి, వస్తువులను శూన్యమునుండి పుట్టించు పద్ధతికి మారవలసి వచ్చినది.

తెరచియున్న లోకము

నేటి ఆటలలో అధికభాగము ఈ రెండవ పద్ధతికి చెందినవే. రాక్షసుడు చచ్చినపుడెల్ల కొన్ని నాణెములు కొత్తగా పుట్టును. ఆటలోని అంగడివానికి చెల్లించినపుడెల్ల కొన్ని నాణెములు నశించును. అనగా లోకము మూసిన కుండ కాదు. రాకయు పోకయు గల చెరువు.

నల్లమల కొండల తూర్పు అంచున, మార్కాపురం–గిద్దలూరు ప్రాంతములో అర్ధవీడు ఉన్నది. ఈ ప్రాంతపు కొండలనుండి దిగు నీరు గుండ్లకమ్మ, జంపలేరుల ద్వారా పొరుగుననున్న కంభము చెరువును చేరును. విజయనగర కాలమున కొండల నడుమనున్న ఇరుకును కట్టతో మూసి నిర్మించిన ఈ చెరువును, అంతర్జాతీయ నీటిపారుదల సంఘము 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తించినది. 20వ శతాబ్ది తొలినాళ్ళ గెజిటీరు ప్రకారము కట్ట ఎత్తు 57 అడుగులు; నీరు వచ్చి చేరు పరీవాహక ప్రదేశము 430 చదరపు మైళ్ళు; నేరుగా పారు ఆయకట్టు సుమారు 10,300 ఎకరములు. చెరువు నిండినచో సుమారు 3 టి.ఎం.సి.లు, అనగా 300 కోట్ల ఘనపుటడుగుల నీరు నిలుచును.

ఈ అంకెలతో విద్యార్థులు రెండు లెక్కలు చేయవచ్చును. 430 చదరపు మైళ్ళనగా సుమారు 1,200 కోట్ల చదరపుటడుగులు. 300 కోట్లను 1,200 కోట్లచే భాగించినచో పావు అడుగు వచ్చును. అనగా ఆ ప్రదేశమంతటి మీదనుండి మూడు అంగుళముల మేర నీరు పారివచ్చినచో చెరువు నిండును. ఇక పోక సంగతి. 10,300 ఎకరములనగా సుమారు 45 కోట్ల చదరపుటడుగులు. నిండు చెరువును ఆ ఆయకట్టు మీద సమముగా పరచినచో ఆరున్నర అడుగులకు పైగా లోతు వచ్చును. వరి పైరుకు సుమారు నాలుగు అడుగుల నీరు కావలెను. మిగిలినది ఆవిరికిని, ఇంకుడుకును, కాలువలలో నష్టమునకును సరిపోవలెను. చెరువు సగమే నిండిన సంవత్సరమున ఆయకట్టునంతటికి వరి నాటినచో ఏమగునో ఈ లెక్కయే చెప్పుచున్నది. కట్టిన చెరువు పెద్దదైనను, ఆ సంవత్సరపు రాకను బట్టి పోకను సరిచూచుకొననిచో కాలువ చివరి పొలము ఎండును.

నాణెముల లెక్క

ఇదే లెక్కను ఆటకు అన్వయింపవచ్చును. ఒక ఆటలో 1,000 మంది ఆటగాండ్రున్నారనుకొనుడు. ఒక్కొక్కడు దినమునకు రాక్షసులనుండి 100 నాణెములు సంపాదించి, ఆహారమునకు, ఆయుధముల మరమ్మతునకు 40 నాణెములు అంగడిలో చెల్లించును. నికరముగా లోకములో దినమునకు 60 × 1,000 = 60,000 నాణెములు పెరుగును. పదవ దినమున తలకు 600. నూరవ దినమున 6,000. రెండువందలవ దినమున 12,000. ఇందులో ఎవనికిని దురాశ లేదు, ఎవరును మోసము చేయలేదు. అయినను నాణెములు అంతులేకుండ పెరుగుచున్నవి.

ఇప్పుడు సంతలో అమ్మకమునకు వచ్చు మేలైన కత్తుల సంఖ్య పెరుగలేదనుకొనుడు. అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ ఫిషర్ 1911లో వివరించిన సమీకరణము ప్రకారము, ధనరాశిని అది చేతులు మారు వేగముచే గుణించినచో వచ్చునది, ధరను అమ్ముడుపోవు వస్తురాశిచే గుణించినచో వచ్చు దానికి సమానము. వేగము, వస్తురాశి మారనిచో ధనముతోపాటు ధర పెరుగవలెను. పదవ దినమున 600 నాణెములు పలికిన కత్తి నూరవ దినమున 6,000 పలుకును. నూరవ దినమున కొత్తగా చేరిన బాలుడు దినమునకు 60 చొప్పున నూరు దినములు కూడబెట్టి సంతకు పోవునప్పటికి దాని ధర 12,000 అయియుండును. అతడు ఎంత కష్టపడినను కత్తి ఎండమావివలె ముందునకు జరుగుచునే యుండును. ఇదియే ద్రవ్యోల్బణము. కొంతకాలమునకు అతడు ఆట మానును. కొత్తవారు నిలువని ఆట క్రమముగా నిర్జనమగును.

రాకను తగ్గించినచో సరిపోదా? దినమునకు 100కు బదులు 80 ఇచ్చినచో పెరుగుదల మందగించునే గాని ఆగదు. రాక, పోకలు రెండును స్థిరమైన అంకెలైనంత కాలము, అవి కచ్చితముగా సమానమైననే తప్ప, రాశి పెరుగుచునైనను ఉండును, తరుగుచునైనను ఉండును. మందిలో ఒక్కడు చురుకుగా ఆడినను త్రాసు ఒరిగిపోవును.

దీనికి పరిష్కారము చెరువు మరవలో కలదు. తూమునుండి నీరు వెలువడు వేగము నీటిమట్టము ఎత్తు యొక్క వర్గమూలమును బట్టి యుండునని 17వ శతాబ్దిలో టోరిచెల్లి కనుగొనెను. ఎత్తు నాలుగు రెట్లైనచో వేగము రెండు రెట్లగును. మరవ విషయములో ఈ గుణము ఇంకను ఎక్కువ. మరవ మీద నీటి లోతు నాలుగు రెట్లైనచో పారు నీరు సుమారు ఎనిమిది రెట్లగును. మట్టము పెరిగిన కొలది పోక పెరుగును. పోక పెరిగిన కొలది మట్టము అణగును. కావలివాడు లేకున్నను నీరు తన మట్టమును తానే వెదకుకొనును.

ఆటలో గూడ ఇట్టి మరవను ఏర్పరచవచ్చును. పైని చెప్పిన 1,000 మంది ఆటలో, ఉన్న ధనరాశిలో దినమునకు నూటికి ఒకటి వంతున అదనముగా నశించునట్లు చేసినచో, రాశి 60 లక్షలకు చేరినపుడు దానిలో నూటికి ఒకటి 60,000 అగును. అది దినపు నికర రాకకు సమానము. అక్కడ పెరుగుదల ఆగిపోవును. గణించి చూచినచో సుమారు 69 దినములలో రాశి అందులో సగమునకు, 100 దినములలో సుమారు 38 లక్షలకు చేరి, ఆ పిదప మెల్లమెల్లగా 60 లక్షల వైపు సాగును, దానిని దాటదు. ధర గూడ ఒకచోట నిలుచును. కొత్తగా చేరిన బాలునకు ఆ కత్తి కష్టసాధ్యమే గాని అసాధ్యము కాదు.

ఆటలలోని తూములు

సంచిలోని ధనముమీద నేరుగా పన్ను వేసినచో ఆటగాండ్రు సహింపరు. కనుక నిర్మాతలు దానిని వ్యాపారములో కలిపివేయుదురు. 2004లో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో వేలముశాలలో అమ్మిన వస్తువు వెలలో నూటికి 5 వంతులు తరుగుగా పోవును. దెబ్బతిన్న కవచమును బాగుచేయించుటకు, ఎక్కి తిరుగు వాహన జంతువులను కొనుటకు గూడ నాణెములు ఖర్చగును. ఎక్కువ వ్యాపారము చేయు ధనికుడు ఎక్కువ చెల్లించును.

నాణెములకే గాక వస్తువులకు గూడ పోక కావలెను. పొలములో నాగలికఱ్ఱు అరిగిపోవును; ఆటలోని కత్తి, అరుగునట్లు నియమము పెట్టననే తప్ప, వెయ్యేండ్లకైనను అరుగదు. కనుక పాత కత్తులు పేరుకొని కమ్మరికి పని లేకుండ చేయును. 2003లో ఐస్‌లాండులో వెలువడిన ఈవ్ ఆన్‌లైన్ ఆటలో ఈ సమస్యకు యుద్ధమే సమాధానము. అచటి అంతరిక్ష నౌకలలో అధికభాగము ఆటగాండ్రు త్రవ్విన ఖనిజముతో ఆటగాండ్రే నిర్మించినవి. యుద్ధములో ధ్వంసమైన నౌక శాశ్వతముగా పోవును. 2014 జనవరిలో ఒక మహాయుద్ధమున 75 అతిపెద్ద నౌకలు నశించినవి. అంత నష్టము జరిగినను గనులు త్రవ్వువారికి, నౌకలు కట్టువారికి పని దొరికినది. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అను ఆటలో 2021 డిసెంబరునుండి సంత అమ్మకములమీద నూటికి ఒకటి చొప్పున పన్ను విధించి, ఆ ధనములో కొంతతో సంతలోని వస్తువులనే కొని నశింపజేయసాగిరి. ఒకే తూము నుండి నాణెములు, వస్తువులు రెండును పోవునట్లు చేసిన ఉపాయమిది.

కట్టకు గండి పడినట్లు ఒక్కసారిగా ధనము పొంగు సందర్భములును కలవు. 2013 మే నెలలో డయాబ్లో 3 అను ఆటలోని లెక్కలలో ఒక లోపము వలన కొందరు తమ బంగారమును మరల మరల రెట్టింపు చేసికొని లక్షల కోట్ల నాణెములు పుట్టించిరి. నిర్మాతలు వేలముశాలను మూసి, లావాదేవీలను తిరిగి పరిశీలింపవలసి వచ్చినది. చెరువు పనిలో గండి పూడ్చుట ఎంత ముఖ్యమో, ఆటల నిర్మాణములో ఇట్టి లోపములను వెదకుట అంత ముఖ్యము.

పోక ఎవరినుండి?

రాక ఎక్కువైన దోషము ఎట్టిదో, పోక ఎక్కువైన దోషము అట్టిదే. గిద్దలూరునకు దక్షిణమున కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369 నాటి శాసనమున్నది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును త్రవ్వించెను. వేయిమంది పనివాండ్రు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని ఆ శాసనము చెప్పుచున్నది. చెరువునకు కావలసిన 12 అంగములను, తగిలించుకొనరాని 6 దోషములను గూడ అది పేర్కొనుచున్నది. ఆ దోషములలో నీరు స్వల్పమై పొలము విస్తారమగుట ఒకటి. నీరు అధికమై పొలము స్వల్పమగుట మరియొకటి. ఆరువందల యేండ్లకు పూర్వమే సమతూకము తప్పుటను రెండు వైపులనుండియు దోషముగా ఎంచిరన్నమాట.

ఈ సమతూకము పథకము వేయునపుడే నిర్ణయింపబడును. శ్రీశైలము జలాశయమునుండి సొరంగముల ద్వారా 43.5 టి.ఎం.సి.ల కృష్ణా నీటిని తెచ్చుటకు వెలిగొండ ప్రాజెక్టును ఉద్దేశించిరి. ఆ నీటిని నిలుపు నల్లమలసాగరమునకు కొండల నడుమ సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్దగల ఖాళీలను కట్టలతో మూయుట ఆ పథకములోని భాగము. వీనిలో కాకర్ల అర్ధవీడు మండలములోనిదే. దీని క్రింద నిర్ణయించిన ఆయకట్టు సుమారు 4,47,000 ఎకరములు. పైని చేసిన విధముగనే భాగించినచో ఎకరమునకు రెండడుగులకు కొంచెము పైగా నీరు వచ్చును. అది వరికి చాలదు; ఆరుతడి పంటలకు తగినది. ఎక్కువ నేలకు కొంచెము కొంచెముగా నీరందించుటయా, తక్కువ నేలకు సమృద్ధిగా ఇచ్చుటయా అను ప్రశ్నకు సమాధానము ఆ భాగహారములోనే దాగియున్నది.

ఆటలో గూడ తూము పెట్టినంతమాత్రమున చాలదు. ఎవరి పొలము మీద పెట్టిరో చూడవలెను. కొత్తవాడు దినమునకు 50 నాణెములు, ఆరితేరినవాడు 500 నాణెములు సంపాదించుననుకొనుడు. మరమ్మతు ఖర్చు ఇరువురకు 40 అని నిర్ణయించినచో, మొదటివాని రాబడిలో నూటికి 80 వంతులు, రెండవవాని రాబడిలో నూటికి 8 వంతులు మాత్రమే పోవును. మొత్తము లెక్క సరిగానే యుండును. కాని కొత్తవాడు ఎన్నటికిని పైకి రాలేడు. ఎగువ మడి తడిసి, కాలువ చివరి మడి ఎండిన ఆయకట్టు వంటిదది. అందుచే మంచి ఆటలలో తొలి స్థాయిలలో ఖర్చులు నామమాత్రముగా నుంచి, స్థాయి పెరిగిన కొలది పెంచుదురు.

తాళపుచెవి ఎవరి చేత?

తూము తాళపుచెవి ఎవరి చేతిలో నున్నదను ప్రశ్న గూడ కలదు. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నాటి చట్టము ప్రకారము రైతులు తమ నీటి వినియోగదారుల సంఘములను ఎన్నుకొనుటకు ఏర్పాటు జరిగినది. ఆటలో తాళపుచెవి నిర్మించిన సంస్థ చేతిలో నుండును. ఒక రాత్రిలో ఒక అంకెను మార్చి, వేలమంది నెలల తరబడి చేసిన శ్రమకు విలువ లేకుండ చేయగల శక్తి ఆ సంస్థకు కలదు. ఈవ్ ఆన్‌లైన్ నిర్మాతలు 2007లో ఒక అర్థశాస్త్రజ్ఞుని నియమించుకొనిరి. 2008నుండి ఆటగాండ్రు ఎన్నుకొను ఒక సలహామండలిని ఏర్పరచిరి. నాణెముల రాకపోకల పట్టికలను ఆటగాండ్రకు ప్రకటించు ఆచారమును గూడ నెలకొల్పిరి. లెక్క బయట పెట్టినచోట నమ్మకము నిలుచునని ఈ ఉదాహరణము తెలుపుచున్నది.

సంత ఆటను మ్రింగివేయు ప్రమాదము గూడ కలదు. డయాబ్లో 3 ఆట 2012లో వెలువడినపుడు దానిలో నిజమైన డబ్బుతో వస్తువులు కొను వేలముశాలను ఏర్పరచిరి. రాక్షసులను గెలిచి మంచి ఆయుధము సంపాదించుటయే ఆ ఆటలోని సారము. అదే ఆయుధము సంతలో చౌకగా దొరకుటతో గెలుపునకు రుచి పోయినది. సంస్థయే ఆ సంగతిని గ్రహించి 2014 మార్చి 18న వేలముశాలను మూసివేసెను.

ఇంతకంటె తీవ్రమైన ఉదాహరణము వియత్నాం సంస్థ యొకటి నిర్మించిన యాక్సీ ఇన్ఫినిటీ. ఇందులో ఆడినవారికి లభించు టోకెనులను బయట డబ్బుగా మార్చుకొనవచ్చును. కరోనా కాలమున ఫిలిప్పీన్సులో అనేకులు దీనిని జీవనోపాధిగా చేసికొనిరి. ఆ టోకెనులకు ముఖ్యమైన పోక, ఆటలోని జంతువులను సంతానోత్పత్తి చేయించుట. ఆ కొత్త జంతువులను కొనువారు కొత్తగా చేరు ఆటగాండ్రే. కొత్తవారు వచ్చినంతకాలము తూము పారినది. వారి రాక తగ్గగనే తూము మూసికొన్నది, టోకెనులు పేరుకొన్నవి. 2021 మధ్యకాలమున అమెరికా నాణెములలో 30 సెంట్లకు పైగా పలికిన టోకెను, 2022 మధ్యనాటికి ఒక సెంటుకంటె తక్కువకు పడిపోయినది. కల్పిత లోకములో లెక్క తప్పినందుకు నిజమైన కుటుంబములు నష్టపోయినవి.

ఆడుట వేరు, డబ్బు ఒడ్డుట వేరు. ఈ భేదమును చట్టములును గుర్తించినవి. అదృష్టముమీద ఆధారపడి వస్తువులనిచ్చు పెట్టెలను డబ్బుకు అమ్ముట జూదమేయని 2018లో బెల్జియం నిర్ణయించినది. ఆన్‌లైన్ జూదమును అరికట్టుటకు తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ జూద నిరోధక చట్టములను సవరించుకొన్నవి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన భారత చట్టము, డబ్బు కట్టి డబ్బు ఆశించు ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, పోటీ క్రీడలుగా ఆడు ఎలక్ట్రానిక్ ఆటలను, వినోదపుటాటలను వేరుగా గుర్తించినది.

తరగతిలో ఒక ప్రయోగము

ఈ విషయమును ఉపాధ్యాయులు చింతగింజలతో తరగతిలోనే చూపవచ్చును. 30 మంది విద్యార్థులకు ఒక్కొక్క విడతలో పదేసి గింజలు పంచవలెను. ప్రతి విడతలోను చీట్లు తీసి ఐదుగురికి ఒక్కొక్క రంగు కాగితము ఇవ్వవలెను. కాగితము పొందినవారు దానిని మిగిలినవారికి వేలములో అమ్మవలెను. చెల్లించిన గింజలు అమ్మినవానికే చెందును. ప్రతి విడతలోని ధరను నల్లబల్లమీద గ్రాఫుగా గీయవలెను. పది విడతలలో గింజలు పెరిగిన కొలది ధర పెరుగుట విద్యార్థులే గమనింతురు.

రెండవ పర్యాయము, కొత్త గింజలు పంచుటకు ముందు ప్రతివాడు తనవద్దనున్న గింజలలో పదవవంతును తిరిగి డబ్బాలో వేయవలెనని నియమము పెట్టవలెను. ఇప్పుడు తరగతి సగటు మొదట 10, పిదప 19, ఆ పిదప సుమారు 27 అగుచు, ఏడు విడతలలో 52కు చేరి, ఎన్ని విడతలాడినను 100ని దాటదు. గ్రాఫు మొదట నిటారుగా లేచి క్రమముగా వంగుట కనిపించును. మూడవ పర్యాయము, ఆట నడుమ ఐదుగురు కొత్తవారిని వట్టిచేతులతో చేర్చి, పదవవంతు నియమము ఉన్నపుడును లేనపుడును వారు మొదటి కాగితము కొనుటకు ఎన్ని విడతలు పట్టినదో లెక్కింపవలెను.

ఈ ప్రయోగమునకు కంప్యూటరు అక్కరలేదు. దీనిని చేసిన విద్యార్థి రేపు ఏ ఆటలో చేరినను, ఏ పత్రికలో ద్రవ్యోల్బణమును గూర్చి చదివినను, ఊరి చెరువు కట్టమీద నిలిచినను, ధనమో నీరో ఎచటినుండి వచ్చుచున్నది, ఎచటికి పోవుచున్నది, తాళపుచెవి ఎవరి చేత నున్నదని అడుగుట నేర్చుకొనును. డబ్బు కట్టమని అడుగు ఆట ఎదురైనపుడు, కట్టుటకు ముందే ఈ ప్రశ్నలు వేసికొనుట మిక్కిలి అవసరము.